మా బీరువాలో సగం ఫైళ్లు మొహమాటానివే

ప్లీడరమ్మ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు ముందేసుకుని కూర్చుంటే ఒక సంగతి తట్టింది. ఏడుగురు ఏడు రకాల చిక్కులు రాశారు. అప్పు, జామీను, గోడ, ఇల్లు, బిల్లు, భాగస్వామ్యం, ఫీజు. ప్రతి ఉత్తరంలోనూ ఎక్కడో ఒకచోట ‘మొహమాటం’ అన్న మాటో, దాని బంధువో కనబడింది. గుంటూరులో నల్లకోటు వేసుకుని ముప్ఫై ఏళ్లు దాటింది. మోసగాళ్లను చూడలేదని కాదు, చూశాను. కాని జనం అనుకునేంత మంది లేరు. మా ఆఫీసు బీరువాలో సగం ఫైళ్లు మొహమాటం పెట్టినవే. దీని మీద మన పెద్దలు చెప్పిన సామెత ఒకటి ఉంది. పత్రికలో రాయదగ్గది కాదు. మీకు తెలిసే ఉంటుంది.

జవాబుల్లో చెప్పే కేసులకు ఊళ్లూ వృత్తులూ మార్చాను. అయినా ఎవరికైనా ‘ఇది మా కథే’ అనిపిస్తే కంగారు పడవద్దు. అలాంటివి మా బీరువాలో ఇంకా నాలుగైదు ఉంటాయి.

ప్రశ్న: మా వీధిలో ఒకాయనకు ప్రోనోటు మీద 2 లక్షలు ఇచ్చాను. రెండేళ్ల పది నెలలు అయింది. ఏడాది పాటు వడ్డీ ఇచ్చాడు, తర్వాత మానేశాడు. వచ్చే నెల వాళ్లమ్మాయి పెళ్లి. ఇప్పుడు అడిగితే బాగుండదు. పెళ్లయ్యాక అడగవచ్చా? (విశ్రాంత ఉద్యోగి, బాపట్ల)

జవాబు: పెద్దవారు, మీకు లెక్కలు నేను చెప్పనక్కర్లేదు. కాని ఈ ఒక్క లెక్క చాలామంది తప్పుగా వేస్తారు. ‘తమరు అడిగినప్పుడు చెల్లించగలవాడను’ అని రాసిన నోటుకు గడువు మీరు అడిగిన రోజు నుంచి మొదలు కాదు. నోటు మీది తారీఖు నుంచి మూడేళ్లు. అంటే మీకు మిగిలింది రెండు నెలలు. అందులో ఒక నెల పెళ్లికి పోతుంది. రెండో నెల ‘ఇంకా చుట్టాలు వెళ్లలేదు’ అన్న మాటకు పోతుంది.

ముందు నోటు తిరగేసి వెనక చూడండి. ఆ ఏడాది వడ్డీ ఇచ్చినప్పుడు చెల్లు రాయించి ఆయన సంతకం తీసుకున్నారా? తీసుకుని ఉంటే చివరి చెల్లు నాటి నుంచి మళ్లీ మూడేళ్లు. మీరే రాసుకుని ఆయన సంతకం లేకపోతే దానికి మీ డైరీకి ఉన్నంత విలువే.

అయిదారేళ్ల కిందట ఒక కిరాణా వ్యాపారి మా దగ్గరికి వచ్చారు. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు, అందులోంచి ఇంకో కవరు, అందులోంచి నోటు తీశారు. మూలన కుంకుమ మరక. దేవుడి గూట్లో దాచారట. రెవెన్యూ స్టాంపు మీదుగా సంతకం, ఇద్దరు సాక్షులు, కింద దస్తూరి పేరు. ఒక్క అక్షరం కొట్టివేత లేదు. మా గుమాస్తా గారు నోటు అందుకుని, ఏమీ అనకుండా గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. ఆయన క్యాలెండరు చూశారంటే నాకు గుండె జారుతుంది. గడువు దాటి 11 రోజులు. ‘ఇన్నాళ్లూ ఎందుకు రాలేదండీ’ అంటే, ‘వాళ్లింట్లో పెద్దాయన పోయారమ్మా, పెద్దకర్మ కాకుండా ఎలా అడగను’ అన్నారు.

దావా దారి మూసుకుపోయింది. ఒక సందు మాత్రం మిగిలింది. గడువు దాటిన బాకీని కూడా బాకీదారు ‘ఇస్తాను’ అని కొత్తగా రాసి సంతకం పెడితే ఆ కాగితం చెల్లుతుంది. కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను చెప్పే మాట అది. కాని పెట్టమని బలవంతం చేయలేం, వెళ్లి అడగాలి. ఆయన మా బల్ల ముందు అరగంట కూర్చుని ‘ఏ మొహం పెట్టుకుని అడగను’ అన్నారు. అప్పు తీసుకున్నవాడి నోట రావలసిన మాట అప్పు ఇచ్చినవాడి నోట వినడం నాకు కొత్త కాదు. చివరికి వెళ్లారు. మర్నాడు పొద్దున్నే కొత్త నోటుతో వచ్చారు. బాకీదారు టీ ఇప్పించి, కళ్లజోడు వెతుక్కుని, మారు మాట లేకుండా సంతకం పెట్టాడట. పెట్టి, ‘ఏడాదిగా మీరు మా గుమ్మం తొక్కకపోతే కోపం వచ్చిందేమోనని నేనే మీ వీధిలోకి రావడం మానేశాను’ అన్నాడట.

మీరు రేపే వెళ్లండి. డబ్బు అడగవద్దు. ‘పెళ్లి పనుల్లో ఉన్నావు, బాకీ సంగతి తర్వాత చూద్దాం. ప్రస్తుతానికి ఒక వెయ్యి చెల్లు వేసి సంతకం పెట్టు’ అనండి. లక్షలు ఖర్చవుతున్న ఇంట్లో వెయ్యి రూపాయలకు ఎవరూ నొచ్చుకోరు. ఫోనులో పంపుతానంటే పంపనివ్వండి. అయినా నోటు వెనక సంతకం విడిగా తీసుకోండి. పెట్టనన్నాడా, ఆయన మనసు మీకు గడువు లోపలే తెలిసిపోతుంది. దావా వేయడానికి రోజులూ మిగులుతాయి. దావా మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. వ్యాపార లావాదేవీ కాకపోతే డిక్రీ తర్వాతి వడ్డీ ఏడాదికి 6 శాతం మించదు. నూటికి నెలకు రెండు రూపాయలని మీరు వేసుకున్న లెక్క అక్కడితో ఆగిపోతుంది.

ప్రశ్న: మా స్కూల్లో తోటి టీచరు చీటీ పాడుకున్నారు. కంపెనీవాళ్లు ప్రభుత్వోద్యోగి జామీను అడుగుతున్నారట. ‘ఊరికే సంతకమే కదా’ అంటున్నారు. రోజూ పక్క పక్కన కూర్చుని అన్నం తినేవాళ్లం, కాదనడం ఎలా? (ఉపాధ్యాయిని, నిజామాబాద్)

జవాబు: అమ్మా, ‘ఊరికే సంతకమే’ అయితే కంపెనీ దాని కోసం అంతగా ఎందుకు పట్టుబడుతుంది? బాకీదారు బాధ్యత ఎంతో జామీనుదారు బాధ్యతా అంతే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 128వ సెక్షను. ‘ముందు తీసుకున్నవాణ్ని అడగండి, వాడివ్వకపోతే నా దగ్గరికి రండి’ అని మా ఆఫీసులో చాలామంది ఆవేశపడ్డారు. ఒప్పందంలో అలా ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప ఆ మాట చెల్లదు. కంపెనీ ముందు మీ దగ్గరికే వస్తుంది. మీ జీతం ఏ తారీఖున, ఎక్కడి నుంచి వస్తుందో దానికి తెలుసు. ప్రభుత్వోద్యోగి సంతకమే కావాలనడంలో గుట్టు అదే.

చీటీ తగాదా మామూలు సివిల్ కోర్టుకు కూడా రాదు. 1982 చిట్ ఫండ్ చట్టం కింద చిట్స్ రిజిస్ట్రారు దగ్గర తేలుతుంది. అక్కడ అవార్డు, అంటే తీర్పు, వచ్చాక జీతం జప్తు. మొదటి 1,000 రూపాయలూ, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులూ వదిలి తక్కినది కోస్తారు. ఒక డిక్రీకి 24 నెలల దాకా. అలవెన్సుల తేడాలు పక్కన పెడితే, 40,000 జీతానికి నెలకు 13,000. రెండేళ్లకు 3,12,000. కట్టాక మీ స్నేహితురాలి మీద దావా వేసి రాబట్టుకునే హక్కు మీకు ఉంటుంది. ఆ దావాకు మళ్లీ నాలాంటి ఒకరికి ఫీజు.

కాదనేటప్పుడు ‘మా ఆయన ఒప్పుకోరు’ అనవద్దు. అందరూ వాడేసిన సాకు అది. ఆవిడ సాయంత్రం మీ ఇంటికి వచ్చి ఆయన్నే అడుగుతుంది, ఆయన మొహమాటస్తుడైతే సరి. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. సంతకం అడిగినవాళ్లకు సంతకం ఇవ్వం, మా చేతనైనంత డబ్బు ఇస్తాం. తిరిగి రాదనుకునే ఇస్తాం. ఇరవై ఏళ్లలో అలా ఇచ్చిందంతా కలిపినా మీ రెండేళ్ల జప్తు లెక్కలో సగం ఉండదు. పైగా అందులో కొంత తిరిగి వచ్చింది కూడా.

ప్రశ్న: పక్కింటివారు గోడ కడుతూ మా స్థలంలోకి ఒక అడుగు జరిగారు. కేసు వేస్తే ఎన్నాళ్లు పడుతుంది? (ఒంగోలు)

జవాబు: గోడ పూర్తయిందా, ఇంకా కడుతున్నారా అన్నది రాయలేదు. కడుతూ ఉంటే ఈ పత్రిక పక్కన పెట్టి ఇవాళే మీ ఊళ్లో ప్లీడరు దగ్గరికి వెళ్లండి. లేచిన గోడను కూలగొట్టించడం కంటే లేస్తున్న గోడను ఆపించడం ఎంతో తేలిక. పూర్తయిపోతే ముందు సర్వేయరుతో కొలిపించండి. నేను చూసిన ‘ఒక అడుగు’ కేసుల్లో కొలత పడ్డాక నాలుగు అంగుళాలకు దిగినవి ఉన్నాయి, తిరగబడినవీ ఉన్నాయి. అంటే మన గోడే వాళ్ల స్థలంలో ఉందన్నమాట.

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. భార్య ఉంది. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఉన్న ఇల్లు ఒకటే, నా స్వార్జితం. ‘ఇప్పుడే నా పేర రిజిస్టరు చేయండి నాన్నా, రేపు చెల్లెలితో గొడవ ఉండదు’ అంటున్నాడు అబ్బాయి. మంచివాడే. కాదంటే నొచ్చుకుంటాడు. వీలునామా రాయాలా, దాన సెటిల్‌మెంటు చేయాలా? అబ్బాయి మంచివాడే. (ఏలూరు)

జవాబు: అబ్బాయి మంచివాడే అని రెండుసార్లు రాశారు. నేనూ కాదనను.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఒక పూట నాకు ఇప్పటికీ గుర్తుంటుంది. తండ్రి ఇల్లు కొడుక్కి రాస్తున్నారు. దస్తావేజు నేను రాయలేదు, తెలిసినవాళ్లు తోడుగా రమ్మంటే వెళ్లాను. ఫొటో అయింది, వేలిముద్రలు అయ్యాయి. అధికారి తలెత్తి ‘ఇష్టపూర్వకంగానే రాస్తున్నారా పెద్దాయనా?’ అని అడిగారు. ఆయన జవాబు చెప్పే ముందు కొడుకు మొహంలోకి చూశారు. కన్ను మూసి తెరిచేంత సేపే. కొడుకు ఫోను చూసుకుంటున్నాడు. పెద్దాయన ‘ఆఁ’ అన్నారు. ఆ చూపు చూశాక నాకు అక్కడ నిలబడాలనిపించలేదు. ఆ రోజు నేనేమీ అనలేదు. నా క్లయింటు కాదు కదా అన్న మొహమాటం. రెండేళ్ల తర్వాత ఆయన మా ఆఫీసు మెట్లు ఎక్కినప్పుడు చేతిలో ఆ దస్తావేజు నకలే ఉంది. ఇంట్లోంచి గెంటలేదు, తిండికి లోటు చేయలేదు. మేడమీద గది అద్దెకు ఇస్తూ తనను అడగలేదట, అదీ ఆయన బాధ. చట్టం దానికి ఏం చేయగలదు? దస్తావేజులో ఒక్క షరతు కూడా లేదు.

వీలునామాకూ సెటిల్‌మెంటుకూ తేడా ఇదే. సెటిల్‌మెంటు రిజిస్టరైన రోజే ఇల్లు వాడిది. మీరు వాడి ఇంట్లో ఉంటున్న పెద్దవారు. వీలునామా మీ తర్వాతే అమల్లోకి వస్తుంది, ఈలోగా పదిసార్లు మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. ఏదీ రాయకపోతే మీ స్వార్జితం మీ భార్యకూ కొడుక్కూ కూతురికీ మూడు సమాన వాటాలుగా వెళ్తుంది. ఆడపిల్లకు వాటా ఏమిటని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు గనుక గుర్తు చేస్తున్నాను. పిత్రార్జితంలోనే అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానంగా జన్మహక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1985లో చట్టం వచ్చింది. దేశమంతటికీ అలాంటి మార్పు రావడానికి 2005 దాకా పట్టింది.

ఇచ్చి తీరాలనుకుంటే షరతు రాసి ఇవ్వండి. మీరిద్దరూ బతికున్నంత కాలం ఇంటి మీద అనుభవ హక్కు మీకే ఉంటుందనీ, మిమ్మల్ని పోషించే బాధ్యత అబ్బాయిదనీ దస్తావేజులోనే ఉండాలి. 2007 తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షను అలాంటి షరతు తప్పినప్పుడు పనికొస్తుంది. ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునలు ఆ బదిలీని రద్దు చేయగలదు. షరతు లేకపోతే ఈ సెక్షను వర్తించదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. వృద్ధులకు మేలు జరిగేలా ఈ చట్టాన్ని ఉదారంగా చదవాలని 2025 జనవరిలో ఇంకో తీర్పు వచ్చింది. ఏ తీర్పు మీ వైపు ఉంటుందా అని 75వ ఏట వెతుక్కునే కంటే ఇవాళ ఒక వాక్యం రాయించడం సుఖం.

ఇంకొకటి. ‘చెల్లెలితో గొడవ ఉండదు’ అన్నాడు గదా, ఆ చెల్లెల్ని కూడా పిలిచి కూర్చోబెట్టండి. మీరు ఉత్తరమంతా వెతికినా ఆ అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు.

ప్రశ్న: ఆటోనగర్‌లో లేతు పని. ఒక కంపెనీకి విడిభాగాలు చేసి పంపుతాను. 4,60,000 బాకీ, ఎనిమిది నెలలుగా తిప్పుతున్నారు. అక్కడ కొనుగోళ్లు చూసేది మా ఆవిడ తరఫు బంధువు. గట్టిగా అడగలేకపోతున్నాను. (విజయవాడ)

జవాబు: బాకీ బంధువుది కాదు, కంపెనీది. గట్టిగా అడగనక్కర్లేదు, కాగితం మీద అడగండి. నిజానికి మీ బంధువుకు కూడా అదే మేలు. నోటిమాటగా అడిగితే ఆయన తన యజమానికి చెప్పలేడు, ఉత్తరం వస్తే చూపించగలడు. ఆయనా మీలాగే ఇబ్బందిపడుతూ ఉండవచ్చు.

మీలాంటి చిన్న యూనిట్ల కోసం 2006లో ఒక చట్టం వచ్చింది, సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం. రాతపూర్వక ఒప్పందం లేకపోతే సరుకు అందిన 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులకు మించకుండా డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, నెల నెలా చక్రవడ్డీగా. ఫిర్యాదు ఇలాంటి బాకీ తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిలుకు. అక్కడ మీకు అనుకూలంగా వచ్చాక కంపెనీ కోర్టుకెళ్లి దాన్ని సవాలు చేయాలంటే ముందు ఆ మొత్తంలో 75 శాతం డిపాజిట్ కట్టాలి. పెద్ద కంపెనీలను మెత్తబరిచేది ఈ ముక్కే. ఇంకొకటి వాళ్ల ఆడిటరుకు బాగా తెలుసు. 2023లో ఆదాయపు పన్ను చట్టానికి తెచ్చిన మార్పుతో, చిన్న యూనిట్లకు గడువు లోపల ఇవ్వని సొమ్మును వాళ్లు నిజంగా చెల్లించే ఏడాది దాకా ఖర్చుగా చూపుకోలేరు. మీ ఉత్తరం నకలు ఒకటి వాళ్ల ఖాతాల విభాగానికి కూడా పంపండి.

వీటన్నిటికీ మీకు ఉద్యం నమోదు, అంటే చిన్న యూనిట్‌గా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉండాలి, సరుకు పంపేనాటికే ఉండాలి. తర్వాత చేయించుకుంటే పాత బిల్లులకు అక్కరకు వస్తుందా అన్నదాని మీద కోర్టుల్లో వాదనలు నడుస్తున్నాయి. లేకపోయినా దిగులు పడవద్దు. బిల్లుల మీద మామూలు దావాకు మూడేళ్ల గడువు ఉంది. చలాన్ల మీద సరుకు అందినట్టు వాళ్ల ముద్ర, సంతకం ఉన్నాయా? మీ ఉత్తరంలో చలాన్ల ఊసే లేదు, అందుకే నాకు అనుమానం. ‘మనవాళ్లే కదా’ అని ముద్ర వేయించుకోని చలాన్లు ఎన్ని చూశానో. ఉంటే సరే. లేకపోతే ఎంత బాకీ ఉందో చెబుతూ వాళ్లు ఫోనులో పంపిన సందేశాలు ఒక్కటి కూడా చెరపకండి.

ప్రశ్న: చిన్ననాటి మిత్రుడితో కలిసి టిఫిన్ సెంటరు పెట్టాం. వాడు 8 లక్షలు, నేను 3 లక్షలు. తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లేది నేను, వాడు సాయంత్రం లెక్క చూసుకుంటాడు. అంతా నోటిమాటే. ఇప్పుడు మాటలు లేవు. విడిపోతే నాకెంత వస్తుంది? (కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: ఏమీ రాసుకోనప్పుడు చట్టం తన మాట చెబుతుంది. అది మీ ఇద్దరికీ నచ్చదు. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం ఒప్పందం లేకపోతే లాభమూ నష్టమూ చెరి సగం. 8 లక్షలు పెట్టినవాడికీ సగమే. నాలుగింటికి లేచినవాడికి జీతమనేది వేరే లేదు. అప్పులు తీర్చాక ఎవరి పెట్టుబడి వాళ్లకు, ఆ తర్వాత మిగిలితే సగం సగం. సంస్థ రిజిస్టరు కాలేదు గనుక బయటివాళ్ల మీద ఒప్పందం ఆధారంగా దావా వేసే వీలు లేదు. మీలో మీరు విడిపోవడానికీ లెక్కలు తేల్చుకోవడానికీ మాత్రం వేయవచ్చు.

వేయకండి. పిండి రుబ్బే యంత్రం విలువ తేల్చడానికి కోర్టు కమిషనర్ను వేసి, ఆయన వచ్చేలోగా ఆ యంత్రం తుక్కు కింద పోయిన కేసు నాకు తెలుసు. ఇంకో జంట మా దగ్గరికి విడిపోతామని ఒకే మోటారు సైకిలు మీద వచ్చారు. రెండో బండి సంస్థ పేరున ఉంది, దాన్ని ఎవరు నడిపితే ఎవరిదవుతుందోనని భయపడి ఇద్దరూ ముట్టుకోలేదు. దారంతా మాట్లాడుకోలేదట. నేను ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చి, విడి విడి గదుల్లో కూర్చోబెట్టి, ‘దుకాణం మొత్తానికి ఒక ధర రాయండి. ఆ ధరకు కొనడానికైనా అమ్మడానికైనా మీరు సిద్ధంగా ఉండాలి’ అన్నాను. చట్టంలో ఉన్న పద్ధతేమీ కాదు, ఇంట్లో అన్నదమ్ములకు లడ్డు పంచే పద్ధతి. ఒకడు కోస్తాడు, రెండోవాడు ఎంచుకుంటాడు. వాళ్లు రాసిన అంకెల మధ్య తేడా 40,000. వారం రోజుల్లో తేలిపోయింది.

తేలాక మూడు పనులు. విడిపోయే ఒప్పందం రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. దుకాణం అద్దె ఒప్పందం, జీఎస్టీ, కరెంటు మీటరు ఎవరి పేర ఉన్నాయో చూసి మార్పించండి. తప్పుకుంటున్నట్టు గెజిట్లోనూ, ఒక తెలుగు పత్రికలోనూ ప్రకటన ఇవ్వండి. అది ఇవ్వకపోతే రేపు మీ మిత్రుడు చేసే అప్పులకు కూడా మీ తలుపు తట్టే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మేడమ్, నేను జూనియర్ అడ్వొకేట్‌ను, సొంతంగా కేసులు చూడడం మొదలుపెట్టి మూడేళ్లు. క్లయింట్లు పని అయ్యాక ఫీజు ఎగ్గొడుతున్నారు. ఫీజు మాట ఎత్తాలంటే నోరు రాదు. మీరు ఎలా నేర్చుకున్నారు? (వరంగల్)

జవాబు: నేర్చుకున్నానని ఎవరు చెప్పారమ్మాయీ?

మా సీనియర్ గారి బల్ల మీద ఒక గాజు పేపర్‌వెయిట్, దాని కింద చిన్న చిన్న చీటీలు ఉండేవి. క్లయింటు కథంతా విన్నాక ఒక చీటీ తీసి, అంకె రాసి, అటు తిప్పి, బల్ల మీద జరిపి, కిటికీలోంచి వేపచెట్టు వైపు చూసేవారు. అంకె ఏనాడూ నోటితో అనలేదు. అది ఆయన దర్జా అనుకునేదాన్ని. పదేళ్ల తర్వాత నేనూ చీటీ జరుపుతూ కిటికీ వైపు చూస్తుంటే తెలిసింది, ఆయనకూ నోరు వచ్చేది కాదని.

అయినా ఆ చీటీలో ఒక కిటుకు ఉంది. మొదటి రోజే జరిగేది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. తీర్పు వచ్చాక నీ పని విలువ క్లయింటు కంటికి సగమైపోతుంది. గెలిస్తే ‘న్యాయం మా వైపు ఉంది గనుక గెలిచాం’ అంటారు, ఓడితే చెప్పనక్కర్లేదు. అందుకని మొదటి రోజే కాగితం మీద రాయి. దావా వేసినప్పుడు ఇంత, సాక్ష్యం మొదలైనప్పుడు ఇంత, వాదనలప్పుడు ఇంత. కోర్టు ఫీజూ ఖర్చులూ వేరు. వసూలైనదాంట్లో శాతం మాట్లాడుకోవడం మన వృత్తికి నిషేధమని నీకు తెలుసు, ఎవరైనా ఆశపెట్టినా వద్దను. ఫీజు ఇవ్వలేదని ఫైలు పట్టుకుని కూర్చోవడమూ కుదరదు. క్లయింటు అడిగితే కాగితాలు ఇచ్చి తీరాలని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి నీ చేతిలో ఉన్న ఆయుధం మొదటి రోజే, ఆ రోజు తప్పితే ఇంకేమీ లేదు.

నిజంగా ఇవ్వలేనివాళ్లు వస్తారు. వాళ్లకు ముందే ‘నీ దగ్గర తీసుకోను’ అని చెప్పి చెయ్యి, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపు. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా ప్లీడరును ఇస్తారు. తీసుకోవాలా వద్దా అని తేల్చుకోకుండా కేసు నడిపి, చివర్లో లోలోపల ఏడ్చుకోవడమే చెడ్డది. ఆ ఏడుపు వాదనలో కూడా వినబడుతుంది.

మా గుమాస్తా గారు ఏటా మార్చి నెలలో రావలసిన ఫీజుల జాబితా ఒకటి తయారుచేసి నా బల్ల మీద పెడతారు. అందులో మొదటి పేరు 2009 నుంచి మారలేదు. విభాగాల దావా, మేమే గెలిచాం, 6,000 బాకీ. ఆ రైతు ఆ ఏటి నుంచి ప్రతి మే నెలలో రెండు బుట్టల బంగినపల్లి కాయలు ఆటోలో వేయించుకుని తెస్తారు. గడ్డిలో పరిచి, పైన మామిడాకులు కప్పి. బుట్టలు దించి, మంచినీళ్లు తాగి, పిల్లల బాగోగులు అడిగి వెళ్తారు. ప్రతిసారీ మా గుమాస్తా గారు గది గుమ్మంలో నిలబడి నా వైపు చూస్తారు. ఈ ఏడు కూడా చూశారు. నేను కాయలు లెక్కపెట్టించి, జూనియర్లకు తలా అరడజను పంచి, ‘ఎండ ముదరకముందే బయల్దేరండి అన్నయ్యగారూ’ అని ఆయన్ని సాగనంపాను.